పదో గింజ

సోమవారం. బయట పోటు. లోపల నీరు మామూలు.

పొద్దున్నే జల్లెడకు పట్టిన పాచి లాగాను. పెద్ద మోటారు బేరింగుకు గ్రీజు పెట్టాను. చిన్న మోటారు బెల్టు అంచు చీలింది. మార్చాలి.

ఈ పుస్తకంలో మోటారు సంగతులు తప్ప వేరేవి రాయకూడదని కట్టల శాఖ ఆర్డరు. నాకంటే ముందు కూర్చున్నవాళ్లు అలాగే రాసి వెళ్లిపోయారు. నావల్ల కాదు. నా తరువాత ఈ కుర్చీలో కూర్చోబోయేవాడా, నీ కోసం రాస్తున్నాను. నా పేరు జకరయ్య. ఎలీము లంక మోటారు కొట్టు నా కూడు, ఎలీము లంక ప్రార్థనశాల నా పిలుపు. నాకు బైబిలు స్కూలు లేదు, తెల్ల గౌను లేదు, ఏ బిషపుగారి చెయ్యీ నా నెత్తిన పడలేదు. మోటారు పక్కన కూర్చుని ఆదికాండం నుంచి ప్రకటన దాకా పైకి చదువుకున్నవాణ్ణి. మోటారును మించి అరిస్తేనే నా చదువు నాకు వినపడేది. అందుకే నా ప్రసంగానికి మైకు అక్కరలేదంటారు.

నీ కాలానికి ఎలా ఉంటుందో గానీ, ఈ రోజు సముద్రం మా ఇళ్ల కప్పులకంటే ఎత్తున నిలబడి ఉంది. దానికీ మాకూ మధ్య కట్ట. కట్ట కింద ఊరే నీటిని మోటార్లు తోడుతాయి. మోటార్లకు కరెంటు మెరక నుంచి తీగ మీద వస్తుంది. ఏ కట్టకు కరెంటు పంపాలో పార్లమెంటు తేలుస్తుంది. అక్కడ మా తరఫున అడిగేవాడు ఒక్కడుంటే పల్లపు కట్టలన్నిటికీ వస్తుంది. లేకపోతే రాదు. నోవహుకైనా ముందుగా కబురందింది. మాకు అయిదేళ్లకోసారి ఎన్నికలు.

ఈ వేళ ఓటు గింజలు పంచారు. మనిషికి పది. రేగు గింజంత గాజు పూసలు. ఎవరి గింజ వారి అరచేతిలోనే వెలుగుతుంది, పక్కవాడి చేతిలో పెడితే బొగ్గు. పదీ ఒకే జాబితాకు వేసుకోవచ్చు, నాలుగింటికి పంచుకోవచ్చు. దేశం గింజలన్నీ ఒకే రాశి పోసి చూస్తారు. ఏ జాబితాకు ఎంత రాశో దానికి అంత మేర కుర్చీలు.

గింజల పెట్టె తెచ్చిన పడవవాడు పోలయ్య. మా దేవుణ్ణి ఎరగనివాడు, నోరు ఊరుకోనివాడు.

"ఏటండీ జకరయ్యగారూ, అన్నింట్లోనూ పదో వంతు దేవుడిదంటారు గదా. మరి ఈ పదింట్లో ఆయనకెన్నంటారేటి?"

వాడు నవ్వుతూ అన్నాడు. నాకు నవ్వు రాలేదు. వాడు వెళ్లాక చాలాసేపు నా గింజలు నా చేతిలో వెలుగుతూనే ఉన్నాయి.

ఆదివారం. బయట పాటు. లోపల మామూలు.

ఈ వేళ పరిశుద్ధాత్మ నన్ను నిలువనివ్వలేదు.

వారం నుంచి చూస్తున్నాను. పల్లం జాబితా గుర్తు బాతు. ఎలీము లంకలో ప్రతి గుమ్మానికీ రేకు బాతు వేలాడుతోంది, సిలువకంటే పైన. ఆడవాళ్లు మన ఆరాధన పాట బాణీలోనే బాతు పాట కట్టి వలలు అల్లుతూ పాడుతున్నారు. "మా బాతే మా బలము" అట. కరెంటు కావాలి, కాదనను. కానీ సీనాయి కొండ కింద ఉన్నవాళ్లకు కూడా అన్నం నీళ్లు కావాల్సి వచ్చింది. అందుకని బంగారు దూడను పోసుకుని మొక్కారు.

మా ప్రార్థనశాల ప్రసంగం తీగ మీద ఒడ్డు పొడుగునా ఉన్న పల్లపు కట్టలన్నిటికీ వెళుతుంది. దేవుడు నాకిచ్చిన పెద్ద నోరు అది. ఆ నోరు తెరిచాను.

"కైసరు నాణెం చూపితే ప్రభువు ఏమన్నాడు? కైసరుది కైసరుకు, దేవునిది దేవునికి. మీరేం చేస్తున్నారు? పదికి పదీ కైసరుకే. మీ కోడి పది గుడ్లు పెడితే ఒకటి కానుక సంచిలో పడుతుంది. మీ వలలో పది చేపలు పడితే ఒకటి సంచిలో పడుతుంది. కుండలో బియ్యం పోసేటప్పుడు ముందు గుప్పెడు తీసి పక్కన పెట్టని చెయ్యి ఈ లంకలో ఉందా? మరి ఈ గింజల దగ్గరికొచ్చేసరికి దేవుడు ఎవరు, బాతు ఎవరు?"

కానుక సంచి నేనే పట్టుకున్నాను. మొదట నా గింజ వేశాను. తరువాత తబితమ్మ లేచింది. వలలు బాగుచేసే విధవరాలు, డెబ్బై దాటినా చూపు తగ్గని మనిషి. ఆమె చేతిలో గింజ దీపంలా ఉంది. సంచిలో పడగానే ఆరిపోయింది. ఆ తరువాత అందరూ.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు. పెట్టినదాన్ని మళ్లీ ఎవరైనా తడుముతారేమోనని అననీయ సంగతి ఎత్తుకున్నాను. పొలం అమ్మి, దేవునిదన్నదాంట్లో కొంత వెనక్కి దాచుకుని, అపొస్తలుల పాదాల దగ్గర అననీయ ఎలా కూలి చచ్చాడో, వాడి భార్య ఎలా కూలిందో చెప్పాను. "బల్ల ముందు పెట్టినదాన్ని వెనక్కి తీసుకున్న చెయ్యి చెయ్యిగా మిగలదు" అన్నాను. పిల్లలు తల్లుల కొంగుల్లో దూరారు. తీగ అవతల ఉన్న కట్టల్లోనూ అలాగే సంచులు పట్టారని సాయంత్రానికి కబురొచ్చింది. దేవునికి స్తోత్రం చేశాను.

చిన్న మోటారు బెల్టు ఇవాళ కూడా మార్చలేదు.

మంగళవారం. బయట పోటు. లోపల కాస్త పైకి.

హెప్సిబా టీచరు వచ్చింది. పల్లం జాబితాలో మొదటి పేరు ఆమెదే. నా కళ్లముందు పెరిగిన పిల్ల, నన్ను బాబాయ్ అంటుంది. ఉత్తరపు కట్టల్లో ఓట్లడుగుతూ తిరుగుతోంది, అక్కడి నుంచి సరాసరి మోటారు కొట్టుకే వచ్చింది.

"బాబాయ్, ఈ మోటారు కాసేపాపు. మాట్లాడాలి."

"ఆపితే మునుగుతాం. చెప్పు, నాకు వినపడుతుంది."

"ఆపకపోయినా మునిగేటట్టే ఉన్నాం. నీ సంచి సంగతి నీకు తెలుసా?"

"నా సంచి కాదు. దేవుడిది."

"సరే, ఆయనదే. ఆయనకు ఈ ఎన్నికల చట్టం ఎవరైనా చదివి వినిపించారా?"

కోపం వచ్చింది. కానీ ఆ పిల్ల ముఖంలో వెక్కిరింత లేదు, నెత్తురు లేదు. నేల మీద సుద్దతో గీత గీసి చెప్పింది.

"దేశం గింజల్లో వందకు మూడు రాని జాబితాకు ఒక్క కుర్చీ కూడా ఇవ్వరు. కిందటిసారి మనం ఈ గీత వెంట్రుకవాసిలో దాటాం. ఈసారి మనవాళ్లు పదింట ఒకటి నీ సంచిలో వేశారు. తొమ్మిదింటితో గీత దాటం."

"ఒక్కటి దేవునికిస్తే తొమ్మిదీ పోతాయా? ఇదెక్కడి న్యాయం?"

"పదీ పోతాయి. ఎవరికీ వేయని గింజలను ఊరికే వదలరు బాబాయ్. గీత దాటిన జాబితాలకు, ఎవరి రాశిని బట్టి వాళ్లకు పంచేస్తారు. అందరికంటే పెద్ద రాశి ఎవరిది?"

మెరక జాబితాది. సముద్రానికి వదిలేయాల్సిన నేలకు కరెంటు దండగ అనేవాళ్లది.

"నువ్వు పట్టుకు తిరిగింది వాళ్ల జోలె బాబాయ్" అంది.

ఈ పద్ధతే సాతాను పద్ధతి అన్నాను. హెప్సిబా తల అడ్డంగా ఊపింది. "ఈ పద్ధతి వల్లే మనం ఇంకా పొడిగా ఉన్నాం. పాత రోజుల్లో చోటుకొక్కడు గెలిచేవాడట. మన కట్టలు ఒడ్డు పొడుగునా తెగిన దండ పూసల్లా ఉన్నాయి. ఏ ఒక్కచోటా మనం ఎక్కువమందిమి కాము. అన్నిచోట్లా కొంచెం కొంచెం ఉన్నవాళ్లు కూడితేనే ఒక మనిషి అవుతారు. ఆ మనిషి వేలు ఒకటి నువ్వు కోశావు."

తీగ ఆఫీసుకు పరుగెత్తాను. ఆదివారం చెప్పినదాన్ని సరిదిద్దాలి, ఒక్క గడియ నోరివ్వండి అన్నాను. అక్కడి గుమాస్తా చేతులు జోడించాడు. "మౌనం మొదలైపోయిందండి. గింజ అన్న మాట వచ్చే ప్రసంగం ఎన్నికలయ్యేదాకా తీగ ఎక్కదు. ఆదివారమైతే ఎక్కేదండి."

ఆదివారం ఎక్కింది.

మిగతా పగలంతా వాక్యం ముందు కూర్చున్నాను. యోనా మీద చెయ్యి వేసి తీశాను, అమోసు మీద వేసి తీశాను. చివరికి దావీదు దగ్గర ఆగాను. ఆకలితో ఉన్న దావీదు దేవుని మందిరంలోకి వెళ్లి, యాజకులు తప్ప ఎవరూ తినకూడని రొట్టెలు తిన్నాడు. తనవాళ్లకూ పెట్టాడు. ప్రభువు దాన్ని తప్పనలేదు.

బుధవారం. బయట పోటు. లోపల ఇంకొంచెం పైకి.

పొద్దున్నే గంట కొట్టి అందరినీ పిలిచాను. చాప పరిచి సంచి బోర్లించాను. ఆరిపోయిన గింజల కుప్ప.

దావీదు రొట్టెల సంగతి చెప్పాను. దేవుడు ఆకలిగొన్నవాడి రొట్టె లాక్కునేవాడు కాదన్నాను. హెప్సిబా చెప్పినదంతా చెప్పాను. ఎవరూ కదల్లేదు. చెయ్యి చాపేవాడు ముందు నేనే కావాలి. చాప మీద అరచెయ్యి తిప్పుతూ పోయాను. ఒక మూల నా గింజ వెలిగింది. తీసుకున్నాను. అందరూ చూశారు.

ఆ తరువాత ఒక్కొక్కరే వచ్చారు. వంగి, అరచెయ్యి నేలకు చూపిస్తూ, తప్పిపోయిన పిల్లను వెదికినట్టు. ఇక్కడొక వెలుగు, అక్కడొక వెలుగు. మధ్యాహ్నానికి కుప్ప సగమైంది. తబితమ్మ మాత్రం గోడకానుకుని కూర్చునే ఉంది.

"రా అమ్మా, నీది కూడా తీసుకో."

"నాకొద్దండి."

"ఇప్పుడేగా చెప్పాను."

"ఆదివారం కూడా మీరే సెప్పారండి. ఆదివారం మీ గొంతు మోటారులాగా మోగింది. ఇయ్యాళ బెల్టు జారిపోయినట్టుంది. నేనేది నమ్మాలండి?"

"కట్ట పోతుంది తబితమ్మా."

"నా మొగుడు పోయాడు. ఇద్దరు కొడుకులు ఏటకెళ్లి పోయారు. ఒక్కనాడైనా గుప్పెడు బియ్యం ఆపానా? ఇచ్చింది ఎనక్కి తీసుకుంటే, ఆళ్లు పోయిన రోజు నేను పెట్టిన గుప్పెడికి అర్థమేటండి?"

ఆమె గింజ చాప మీదే ఉండిపోయింది.

సాయంత్రం. ఇది ఎడమ చేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకర. లోపలి నీరు పెరిగిందని చిన్న మోటారు కూడా వేశాను. చీలిన బెల్టు తెగి విసురుగా కొట్టింది. కుడి చేతి వేళ్లు నాలుగూ నలిగాయి. రెండు ఉండవని నర్సు చెప్పింది. పొద్దున గింజ తీసుకున్న చెయ్యి అది. బెల్టు కిందటి వారం సోమవారం నుంచి చీలే ఉంది, ఈ పుస్తకంలో రాసే ఉంది, నేనే మార్చలేదు. కానీ ఈ పుస్తకం చదివేది ఎవరు? నర్సు కట్టు కడుతుంటే గుమ్మం దగ్గర జనం నిలబడి నా చేతి వంక చూస్తున్నారు.

గురువారం. బయట పాటు. లోపల పెద్ద మోటారు ఒక్కటే తోడుతోంది.

తీగ నోరు మూశారు గనుక నా కాళ్లే నోరు అనుకుని పోలయ్య పడవెక్కాను. మోటారు దగ్గర హెప్సిబా కూర్చుంది. దగ్గరలో ఉన్నది బెరాకా కట్ట.

పోలయ్య నా కట్టు వంక చూశాడు.

"నేనేదో ఎకసెక్కానికన్నానండి. మీరు దాన్ని వాక్యం సేసేసారు."

"దేవుడు గాడిద నోట కూడా మాట్లాడాడు పోలయ్యా."

"గాడిద సెప్పింది సరిగ్గా విన్నాడాండి ఆయన?"

ఆ గాడిద ఎక్కిన బిలాము ముందు దాన్ని కొట్టాడు, తరువాతే విన్నాడు. అది వాడికి చెప్పలేదు.

బెరాకాలో బోధకుడు తీతు ఎదురొచ్చాడు. కుర్రతనం పోనివాడు, నా ప్రసంగాలు తీగ మీద విని విని నా దగ్గులాగే దగ్గుతాడు. సంచి ఏదన్నాను.

"మీరు చెప్పినదానికంటే ఒక అడుగు ముందుకేశామండి అయ్యగారూ. సంచిలో ఉంటే మనసు మళ్లుతుందని కట్ట మీద బలిపీఠం కట్టి దహనబలి ఇచ్చాం."

"గాజు కాలదు కదయ్యా."

"కాలలేదండి. కరిగింది."

బల్ల మీద పెట్టి చూపించాడు. కొబ్బరికాయంత గాజు ముద్ద, మసి పట్టి ఉంది. సంఘంలో ఒకామె దాని మీద చెయ్యి ఆనించింది. ముద్ద లోపల ఎక్కడో, అడుగున, చిన్న మెరుపు వచ్చింది. ఇంకొకాయన ఆనించాడు. ఇంకోచోట మెరిసింది. వాళ్లకు అది అద్భుతం. ఓటు పెట్టె గొట్టంలో వేలు కూడా పట్టదు.

దావీదు రొట్టెల సంగతి ఎత్తుకున్నాను. ఎవరూ నా ముఖం చూడటం లేదు. అందరి చూపూ నా కట్టు మీదే ఉంది. నాకంటే ముందే కబురు నీళ్లు దాటి వచ్చింది.

"అయ్యగారండీ, మీకు నొప్పిగా ఉందా?" అని తీతు మెల్లగా అడిగాడు.

తిరిగి వచ్చేసరికి ఎలీము లంక ప్రార్థనశాలలో చాప మీద గింజల కుప్ప మళ్లీ పెరిగి ఉంది. బుధవారం తీసుకున్నవాళ్లు ఒక్కొక్కరే వచ్చి తిరిగి పెట్టి వెళ్లారట. కొందరు ఒకటికి రెండు పెట్టారట, తప్పు కాయమని. హెప్సిబా గుమ్మంలో కూర్చుని ఉంది.

"ఆపలేకపోయావా?" అన్నాను.

"మోటారు దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చి బతిమాలాను బాబాయ్. టీచరమ్మా, నీ చేతికి ఏమైనా అయితే మేం చూడలేం, పక్కకు జరుగు అన్నారు."

శనివారం. ఎన్నికలు. బయట పోటు.

పెట్టె పడవ మీద వచ్చింది. జనం వరసలో నిలబడ్డారు, శుభ్రంగా తలదువ్వుకుని, బాతు పాట పాడుకుంటూ. వాళ్లకు భయం లేదు. దేవునిది దేవునికి ఇచ్చారు, బాతుది బాతుకు ఇస్తున్నారు, ఇంక లోటేముంది?

నా గింజలు పదీ బాతు గొట్టంలోనే వేశాను, ఎడమ చేత్తో. పదోది పడేటప్పుడు వెనక ఎవరో "ప్రభువా, క్షమించు" అన్నారు. నా కోసమే.

సోమవారం. బయట పోటు. లోపల పైకి.

తీగ మీద ఫలితం చదివారు. పల్లం జాబితా గీతకు కింద ఆగింది. పడవెడు గింజలు తక్కువ. ఎవరికీ వేయని గింజలను చట్టం ప్రకారం పంచితే మెరక జాబితాకు అదనంగా ఒక కుర్చీ వచ్చిందని కూడా చదివారు. దిక్కులేని గింజలు అన్నారు వాటిని.

జనం నా దగ్గరికి వచ్చారు. రాళ్లు పట్టుకుని వస్తారేమో అనుకున్నాను. ఆశపడ్డాను కూడా. ప్రార్థన చేయమన్నారు. లోకం మనల్ని ద్వేషించింది గనుక ఇలా అయిందని వాళ్లలో వాళ్లే చెప్పుకున్నారు. హెప్సిబా ఒక్కతే వేరుగా నిలబడింది.

"నిన్ను తిట్టాలని వచ్చాను బాబాయ్. దారంతా మాటలు కూర్చుకున్నాను. ఆ చెయ్యి చూశాక ఒక్కటీ రావట్లేదు."

"తిట్టమ్మా. నాకు అదొక్కటే ప్రసంగం మిగిలింది."

తిట్టలేదు. నిద్రపోవడం లేదా అని అడిగి, గ్రీజు డబ్బా తీసుకుని బేరింగు దగ్గరికి వెళ్లింది.

అమావాస్య పోటుకు ముందు కరెంటు ఆపుతామని ఆర్డరు వచ్చింది. అందరినీ మెరకకు చేర్చడానికి పడవలు పంపుతారట. దయగల ఆర్డరు. అడుగున ముద్ర కూడా ఉంది.

అమావాస్య ముందురోజు. బయట పోటు. లోపల మొదటి వీధి వరకు.

కరెంటు మధ్యాహ్నం ఆగింది. పెద్ద మోటారు తిరిగి తిరిగి, అలిసిన ఎద్దులాగా మెల్లగా నిలబడింది. ఇన్నేళ్లలో ఈ కొట్టులో నా గొంతు నాకు మామూలుగా వినపడటం ఇదే మొదలు. చిన్న మోటారుకు కొత్త బెల్టు వేశాను. ఎందుకని అడక్కు.

ప్రార్థనశాలలో బల్ల మీద కానుక సంచి ఉంది. లోపల ఆరిపోయిన గింజలు. తీసుకోలేదు. తలుపు దగ్గరికి వేసి వచ్చాను.

రోజు తెలియదు. మెరక శిబిరం. ఇక్కడ పోటూ లేదు, పాటూ లేదు.

ఈ పుస్తకం నాతో తెచ్చాను. నువ్వు కూర్చునే కుర్చీ నీటి అడుగున ఉంది. అయినా నీకే రాస్తున్నాను, ఇంకెవరికి రాయాలో తెలియక.

రేకుల షెడ్డు. వరస కట్టించి మనిషికి ఒక గిన్నె బియ్యం పోశారు. పల్లపు కట్టలవాళ్లం కదా, మెరకవాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకుని పోశారు. తబితమ్మ తన బియ్యం చాటలో పోసుకుని నా దగ్గరికి వచ్చింది. ముందు గుప్పెడు తీసి పట్టుకుంది.

"సంచేదండి అయ్యగారూ?"

"అక్కడే వదిలేశాను."

ఆమె కొంగు చివర ఆ గుప్పెడు పోసుకుని ముడి వేసింది.

"తబితమ్మా, పక్క షెడ్డులో పిల్లలు గంజికి ఏడుస్తున్నారు. ఆ ముడి విప్పు. దావీదు సంగతి చెప్పాను కదా, ఆకలేసినప్పుడు దేవుడి రొట్టె తినొచ్చు. ఇప్పుడు ఎవరి గీతా లేదు, ఎవరి లెక్కా లేదు. విప్పమ్మా."

గొంతు పెంచలేదు. పెంచడానికి ఇక్కడ మోటారు లేదు.

ఆమె తన చాటలో మిగిలిన బియ్యమంతా నా ముందు పెట్టింది.

"పిల్లలకిది పొయ్యండి. నాదే" అంది. తరువాత కొంగు ముడి బిగించి నడుములో దోపుకుంది. "ఇదాయనది. దావీదు మరీ ఆకలేసి తిన్నాడన్నారు గదండీ. మనకింకా అంత ఆకలి కాలేదు."

ఆమె ఈ రోజు ఏమీ తినలేదు.